గోదావరిలో గంట మజిలీ

ఓడల్లో విహారానికి వెళ్ళివచ్చినవారు చెప్పే కబుర్లు మీరూ వినే ఉంటారు. పొద్దున ఓ దీవి దగ్గర ఓడ ఆగుతుందట. దిగి కొబ్బరిబొండాలు తాగి, గవ్వలు కొనుక్కుని, కూత వినబడగానే పరుగున వచ్చి ఎక్కేస్తారట. మా కొత్తగూడెంవాళ్ళకి సముద్రం ఎక్కడిది? బొగ్గుబాయిలు, వాటిని చుట్టుకున్న అడవి, అంతే. ఆఖరికి మా ఊరి రైలు స్టేషనుకు కూడా రైలువారు పెట్టిన పేరు ‘భద్రాచలం రోడ్’. రాముడి కోసం దిగినవారు ఇంకా 40 కిలోమీటర్లు బస్సులో పోవాలి. అయినా మాకూ ఒక దీవిలాంటిది ఉంది. దానిపేరు పేరంటాలపల్లి.

2019 ఫిబ్రవరిలో నేనూ, మా బావమరిదీ పాల్వంచ, సారపాక మీదుగా గోదావరి వంతెన దాటాం. 1965లో ఈ వంతెన వచ్చేవరకూ భద్రాద్రి యాత్రికులు రేవు దాటవలసిందే. రాజమండ్రి నుంచి లాంచీలమీద వచ్చేవారి సంబరం ‘అందాల రాముడు’ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ సంగమం చూసుకుని, వరరామచంద్రపురం దాటి, పోచవరం రేవులో లాంచీ ఎక్కాం.

లాంచీలో పాటలపెట్టె మోత చెప్పనలవి కాదు. కొండలు కనబడుతున్నకొద్దీ దాని గొంతు ఇంకా పెంచారు. అదేం సరదాయో! కాని నది మలుపు తిరిగి, రెండువైపులా కొండలు దగ్గరకు జరిగేసరికి ఎవరికివారే మాటలు మానేశారు. భద్రాచలం దగ్గర అవతలి ఒడ్డు ఆనీ ఆననట్లుండే గోదావరి ఇక్కడ కొండల సందున వొదిగి, నల్లగా, చప్పుడులేకుండా పోతుంది. పాపిటలా ఉండబట్టి ‘పాపిడి కొండలు’ అన్నారనీ, అదే పాపికొండలైందనీ చెబుతారు.

పేరంటాలపల్లిలో లాంచీ గంటసేపు ఆగుతుందని సరంగు కేకేశాడు. మెట్లెక్కితే చెట్లనీడలో శివాలయం, పక్కన కొండమీంచి దిగే సెలయేరు. వెనుకటికి బాలానందస్వామి అనే ఆయన ఇక్కడ శ్రీరామకృష్ణ మునివాటం స్థాపించి, కొండరెడ్ల మధ్యనే ఉండిపోయారు. మౌనం పాటించవలసిన చోటు. మాతో వచ్చినవారిలో ఆ మౌనం పాటించినది ఇద్దరు పసిపిల్లలే, అదీ నిద్రలో.

గుడికన్న నన్ను ఆపింది మెట్లపక్కన సంత. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుపూలు అమ్ముతున్నారు. వెదురుపుల్లను కత్తితో సన్నగా, తెగిపోకుండా చెక్కుకుంటూ వస్తే పొర వెనక పొర ముడుచుకుని పువ్వవుతుంది. దానికి రంగద్దుతారు. చూస్తూండగానే ఒక పెద్దావిడ రెండు పూలు చేసింది.

“రోజూ అమ్ముడవుతాయా అమ్మా?” అన్నాను.

“లాంచీ వస్తే సంత. రాకుంటే లేదు అయ్యా.”

“పోలవరం కట్ట పూర్తయితే ఇదంతా మునిగిపోతుందంటున్నారు గదా. మరెక్కడికి పోతారు?”

ఆవిడ కత్తి ఆపలేదు. “ఇల్లిస్తామన్నరు. భూమి ఇస్తామన్నరు. ఈ వెదురు ఇస్తరా అయ్యా? జీలుగుచెట్టు ఇస్తరా?”

నా దగ్గర జవాబు లేదు. పోలవరం నిండు నీటిమట్టం 150 అడుగులు. ఆ నీటి లెక్కకోసమే 2014లో మా ఖమ్మం జిల్లానుంచి ఏడు మండలాల్ని, కొన్నిటిని పూర్తిగానూ కొన్నిటిని కొంతమేరకూ, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం ప్రాంతానికి ఇలా చేతులు మారడం కొత్తకాదు. 1959 దాకా అది తూర్పు గోదావరి జిల్లాలోదే. గీతలు ఎటు జరిగినా కొండరెడ్లు ఉన్నచోటనే ఉన్నారు. ఈసారి మాత్రం నీరే లేవమంటున్నది. కిందనున్న పొలాలకు నీళ్ళు కావాలి, నిజమే. ఆ అన్నం మనమూ తింటాం. కాని ఆవిడ అడిగినవాటికి ఏ పరిహారపు కాగితంలోనూ గడి ఉండదు గదా.

లాంచీ కూత వేసింది. నాలుగు పూలు తీసుకుని వంద కాగితం ఇచ్చాను. చిల్లర లేదంది. ఇంకో పువ్వు చేతిలో పెట్టి, “పో అయ్యా, లాంచీ పోతది” అని తొందరచేసింది.

ఆ ఏడే సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరదలో పర్యాటకుల పడవ ‘రాయల్ వశిష్ఠ’ మునిగి యాభైమందికి పైగా పోయారు. విహారపు పడవలు ఆపేశారు. మళ్ళీ కదిలింది 2021 నవంబరులో. రెండేళ్ళు! పేపర్లు పోయినవారి పేర్లు వేశాయి, వేయవలసిందే. లాంచీ వస్తేనే సంత అన్న ఆవిడ ఆ రెండేళ్ళూ ఏం తిన్నదో ఏ పేపరూ రాయలేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986 నాటి 75.6 అడుగుల తరువాత అంత నీరు చూడలేదు. ఆ రాత్రులు మా ఇంట్లో అంతా భద్రాచలం చుట్టాలను తలుచుకుంటే, నాకు ఆ మెట్లు జ్ఞాపకం వచ్చాయి.

ఆ దారిన వెళ్ళేవారుంటే వానలు వెనుదీశాక వెళ్ళండి. లాంచీ ఎక్కగానే తేలుడు చొక్కా అడిగి తొడుక్కోండి, ఉక్కగా ఉందని విప్పకండి. పది, ఇరవై కాగితాలు ఓ కట్ట జేబులో వేసుకోండి. పువ్వు చెక్కేప్పుడు పక్కన కూర్చుని చూడండి, ఏమీ అనరు.