ఆగస్టు 15 కేకు మీద మన కొండ పండ్లు



ఆగస్టు 15 వస్తే కాలేజీలో మాకు ఒకటే పని చెప్తారు, థింసా వెయ్యమని. కేకు, డెకరేషన్, మైకు వేరేవాళ్లకి. థింసా అంటే మాకు గర్వమే. కానీ ప్రతిసారీ అదొక్కటేనా? ఈసారి హాస్టల్లో కేకు మేమే చేస్తామని అడిగాం.

ముందు మాలోనే గొడవ. "కేకు మనదా అన్నా? ఇంట్లో ఎప్పుడైనా కోశామా?" అన్నాడు ఒక తమ్ముడు. నిజమే, మాలో చాలామంది కేకు మొదట తిన్నది హాస్టల్‌కి వచ్చాకే. కానీ దాని మీద పెట్టే పండు ఎవరిది? అనాస, బొప్పాయి, అరటి గంపలకెత్తి తెల్లారేసరికి సంతకి మోసేది మన అమ్మలే కదా. గంప అంతా అమ్మినా టౌన్‌లో ఒక పెద్ద కేకు రాదు. ఆ మాటతో గొడవ ఆగింది.

మాకు ఓవెన్ లేదు. అందుకే బేకరీలో ప్లెయిన్ స్పాంజ్ మాత్రం కొన్నాం. క్రీమ్ గిన్నెని ఐసు ముక్కల మీద పెట్టి గిలకొట్టాం, లేకపోతే ఆ ఉక్కకి కారిపోతుంది. పైవరసకి బొప్పాయి, అనాస. బొప్పాయి ముక్కల్ని గుడ్డతో అద్ది తడి తీశాం, లేదంటే రంగు క్రీమ్‌లోకి దిగుతుంది. పచ్చి అనాస పాల క్రీమ్‌ని చేదు చేస్తుంది, కాబట్టి పంచదారతో కాసేపు ఉడికించి చల్లార్చాం. మధ్యవరసకి క్రీమ్, అరటి చక్రాలు, నల్లబడకుండా నిమ్మరసం. పచ్చరంగుకి ద్రాక్ష ఈ కాలంలో దొరకదు, కివీ కొనలేం. జామకాయని తొక్కతో పల్చగా కోసి పేర్చాం.

"జెండా కేకు కోస్తే కేసు అవుద్ది" అని కొందరు భయపెట్టారు. వెతికి చూశాం. కోయంబత్తూరులో 2013లో కోసిన ఇలాంటి కేకు మీద పెట్టిన కేసుని మద్రాసు హైకోర్టు 2021లో కొట్టేసింది, అది జెండాని అవమానించడం కాదని చెప్పింది. అయినా 24 ఆకుల చక్రం మాత్రం మేం వెయ్యలేదు. దాని మీద కత్తి పెట్టడానికి మాలో ఎవరికీ మనసొప్పలేదు. భయంతో కాదు, మా ఇష్టంతోనే.

ఎందుకంటే ఈ జెండా మనకి ఎవరో ఇచ్చింది కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకెళ్లిన అల్లూరి దళంలో ఉన్నది మన కొండల మనుషులే. ఆగస్టు 9 ఆదివాసీ దినం మనది, ఆగస్టు 15 కూడా మనదే. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే మేం ఒప్పుకోం.

కేకు కొయ్యడానికి వచ్చిన పెద్దమనుషుల్ని పిలవలేదు, వంట చేసే అక్కని పిలిచాం. చేతులు కొంగుకి తుడుచుకుని, "నేనెందుకమ్మా" అంటూనే వచ్చింది. ఇన్నేళ్లు అందరికీ వడ్డించిన మనిషికి ఆరోజు మొదటి ముక్క మేం పెట్టాం.

మీ హాస్టళ్లలో కూడా చెయ్యండి. పండ్లు మాత్రం సంతలో మనవాళ్ల దగ్గరే కొనండి, బేరమాడకండి. మీ వైపు ఆగస్టులో ఏం పండ్లు దొరుకుతాయో కింద రాయండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.