నాలుగు అరచేతుల మీద ప్రయాణం

'ఢాం!'

ముందు ఆ శబ్దం. ఆ వెంటనే స్టీరింగును ఎవరో ఎడమ పక్కకు గుంజేసినట్టయింది. వెనక సీట్లోని మామ్మగారు 'గోవిందా' అన్నారు. నిద్రపోతున్న పిల్లలిద్దరూ ఉలిక్కిపడి లేచారు.

2023 వేసవి. రోహిణి కార్తె. మధ్యాహ్నం రెండు దాటింది. విజయవాడ నుంచి తిరుపతికి బయల్దేరిన ఆ కారు ఒంగోలులో భోజనాలు ముగించుకుని సింగరాయకొండ దాటింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లకే దిక్కులేనప్పుడు రబ్బరు ఎంత?

డ్రైవరుకు యాభై దాటాయి. అంబాసిడర్‌తో మొదలుపెట్టి పాతికేళ్లుగా ట్రావెల్స్ కార్లు నడుపుతున్నాడు. బ్రేకు మీదికి వెళ్లబోయిన కాలిని బలవంతాన ఆపుకున్నాడు. 'టైరు పేలినప్పుడు బ్రేకు తొక్కావంటే బండి నీ మాట వినదురా' అని కుర్రతనంలో ఓ లారీ డ్రైవరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని, యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లగా తీశాడు. కారు వంకర్లు తిరిగింది, రింగు రోడ్డును గీరుకుంటూ వెళ్లింది... చివరికి ఎడమ అంచున ఆగింది. వెనకాలే వస్తున్న లారీ గాలి విసురుకి కారు ఊగింది. అంతే.

ఎవరికీ గీత కూడా పడలేదు. మామ్మగారు కిందికి దిగి, ముందు ఏడుకొండలవాడికి దణ్ణం పెట్టి, తర్వాత డ్రైవరు వైపు తిరిగి 'నువ్వు చల్లగా ఉండాలి బాబూ' అన్నారు. ఆ మాటకి ఆయన తలెత్తలేకపోయాడు. ఎందుకంటే... ఆ టైరు సంగతి ఆయనకొక్కడికే తెలుసు.

ఫీజా? టైరా?

రెండు వారాల కిందట ఓ గోతిలో పడి ముందు ఎడమ టైరుకు పక్క గోడ మీద బుడిపె లేచింది. మిగతా మూడూ అరగడానికి దగ్గరపడ్డాయి. నాలుగూ మార్చాలంటే ఇరవై వేల పైమాటే. అదే నెలలో కూతురి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి. ఏ తండ్రైనా ఏం చేస్తాడు? ఫీజు కట్టేశాడు. పాత టైర్ల కొట్లో వెతికి పన్నెండు వందలకు ఓ సెకండ్ హ్యాండ్ టైరు తెచ్చి బిగించాడు. చూడ్డానికి కొత్తదానిలా నిగనిగలాడింది. బటన్లు లోతుగా ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాడు.

కావలిలో పంక్చర్ షాపు కుర్రాడు ఆ చీలికలు పీలికలైన టైరును తిరగేసి చూశాడు. పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న చిన్న గడిలోని నాలుగంకెలు చూపించాడు. 0915. 'అన్నా, ఇది 2015లో తొమ్మిదో వారంలో తయారైన టైరు. బటన్లు ఉన్నాయిగానీ ప్రాణం లేదు' అన్నాడు. పాతికేళ్లుగా టైర్లతోనే బతుకుతున్న మనిషికి ఆ అంకెల అర్థం తెలిసింది అప్పుడే!

కుర్రాడు అంతటితో ఆగలేదు. టైరు లోపల చెయ్యిపెట్టి తీశాడు. వేళ్లకు నల్లటి రబ్బరు పొడి అంటుకుంది. 'గాలి ఎంత పెట్టావన్నా?' అన్నాడు. 'ఎండాకాలం కదా, 28 పెట్టించా' అన్నాడు డ్రైవరు. కారు తలుపు పక్కన అతికించిన స్టిక్కరు మీద ఉన్నది 33.

ఎండాకాలం... అసలు తప్పు

వేసవిలో గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి టైరు పేలకుండా నాలుగైదు పాయింట్లు తక్కువ పెట్టించాలి... డ్రైవర్లలో చాలామంది నమ్మే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ జరిగేది సరిగ్గా దానికి తిరగబడి ఉంటుంది.

కారు బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తగ్గితే టైరు పక్క గోడలు చక్రం తిరిగిన ప్రతిసారీ మడతపడి లేస్తుంటాయి. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే వేడెక్కి విరిగిపోతుందే... అలాగన్నమాట. వంద కిలోమీటర్ల వేగంలో మామూలు కారు చక్రం నిమిషానికి ఎనిమిది, తొమ్మిది వందల సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ఆ మడత తప్పదు. ఆ రాపిడికే లోపలి రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. కుర్రాడి వేళ్లకు అంటుకున్నది అదే. పైన ఎండ, కింద కాగిన రోడ్డు, కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను, ఎనిమిదేళ్ల నాటి రబ్బరు. ఇన్ని కలిశాక పేలకపోతేనే ఆశ్చర్యం!

పరుగులో ఉన్న టైరులో గాలి నాలుగైదు పాయింట్లు పెరగడం మామూలే. అది లెక్కలో వేసుకునే కంపెనీలు స్టిక్కరు మీద అంకె రాస్తాయి. కాబట్టి గాలి చూపించాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు... అంటే పొద్దున్నే, బండి తీసిన రెండు మూడు కిలోమీటర్లలోపే. పెట్రోలు బంకులో వేడి టైరు చూసి 'ఎక్కువైంది' అని గాలి తీయించేస్తే, అది చల్లారాక ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది. నైట్రోజన్ పట్టించాం కదా అని నెలల తరబడి చూడకపోవడమూ పొరపాటే. మామూలు గాలిలో 78 శాతం ఉన్నదీ నైట్రోజనే. ఏది నింపినా నెలకోసారైనా, దూర ప్రయాణానికి ముందు తప్పకుండానూ చూడాల్సిందే.

తలా ఓ కథ

టైరు పేరెత్తితే చాలు, కారు నడిపే ప్రతివాళ్ల దగ్గరా ఓ అనుభవం దొరుకుతుంది.

రాజమండ్రిలో ఓ రిటైర్డ్ మాస్టారికి కారంటే ప్రాణం. పెళ్లిళ్లకీ పండక్కీ తప్ప బయటికి తీయరు. ఏడేళ్లలో పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. 'నా టైర్లు కొత్తవాటికన్నా కొత్తవి' అని గర్వంగా చెప్పేవారు. ఓసారి సర్వీసింగుకు ఇస్తే, పక్క గోడల మీద ఎండిన చెరువులా సన్నటి పగుళ్లు చూపించారు. రబ్బరు తిరిగినా అరుగుతుంది, తిరక్కపోయినా ఎండుతుంది. అందుకే అయిదేళ్లు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించాలనీ, పదేళ్లు నిండితే ఎంత బాగున్నా తీసేయాలనీ పెద్ద కంపెనీలు చాలావరకు చెబుతాయి.

గుంటూరులో ఓ మిర్చి వ్యాపారిది ఇంకో లెక్క. గాలి ఎక్కువుంటే మైలేజీ వస్తుందని 40 పాయింట్లు పెట్టించేవాడు. మైలేజీ కాస్త పెరిగిన మాట నిజమే. ఏడాదిన్నర తిరిగేసరికి నాలుగు టైర్లూ నడిమధ్యన గుండయ్యాయి, అంచుల్లో మాత్రం బటన్లు మిగిలాయి. పెట్రోలులో ఆదా చేసింది టైర్ల కొట్లో కట్టాడు. గాలి తక్కువైతే రెండంచులూ, ఎక్కువైతే మధ్యభాగం, అలైన్‌మెంట్ తప్పితే ఒక్క పక్కే అరుగుతాయి. టైరు అరిగిన తీరు కారు జాతకమే చెబుతుంది, చదవడం తెలియాలంతే.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓ అమ్మాయికి పాఠం వానాకాలంలో దొరికింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద కుండపోత. ఉన్నట్టుండి స్టీరింగు దూదిలా తేలికైపోయింది. కారు తన చేతిలో లేదని తెలిసిన ఆ రెండు క్షణాలు ఇప్పటికీ కల్లోకి వస్తాయంటుంది. బటన్ల మధ్యనుండే గాళ్లు అందానికి కాదు, టైరు కింది నీళ్లను పక్కలకు తోడేయడానికి. అవి అరిగిపోతే నీళ్లు పోయే దారిలేక టైరు వాటి మీద తేలుతుంది. ఆ గాళ్ల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి. బటన్లు అరిగి వాటికి సమానమయ్యాయంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఇక మార్చాల్సిందే. వానాకాలం రోడ్లకు అంతదాకా ఆగకపోవడమే మంచిది. రెండే కొత్తవి కొంటే వాటిని వెనక వేయించాలి. వెనక చక్రాలు పట్టు తప్పితే కారును అదుపు చేయడం మరీ కష్టం.

షిర్డీ వెళ్లే మన కుటుంబాలకు తెలిసిన ముచ్చట మరొకటి. నాగపూర్ నుంచి షిర్డీ దాకా సమృద్ధి మహామార్గ్ 2022 డిసెంబరులో తెరిచారు. ఆగకుండా గంటల తరబడి దూసుకెళ్లే కాంక్రీటు రోడ్డు. ప్రమాదాలు ఎక్కువవడంతో 2023లో అక్కడి రవాణా అధికారులు టైర్లు చూడ్డం మొదలుపెట్టారు. గుండు టైర్లతో వచ్చిన బండ్లను రోడ్డెక్కనీయకుండా వెనక్కి పంపారు.

పసివాడి సైకిల్ నుంచి...

గాలి టైరు మన ఇళ్లకు చేరడం వెనకా ఓ తండ్రే ఉన్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్‌డ్ డన్‌లప్, గట్టి రబ్బరు చక్రాల మూడుచక్రాల బండి మీద కొడుకు ఎగిరెగిరి పడుతున్నాడని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. ఆ రబ్బరు ఎండకు కరగకుండా, చలికి పెళుసెక్కకుండా నిలవడానికి కారణం, 1839లో గంధకంతో కలిపి వేడి చేసే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టడం. టైరుకు ఆ నలుపు కార్బన్ బ్లాక్‌ది. రబ్బరు త్వరగా అరగకుండా కాపాడేదీ అదే. మన దగ్గరా టైర్లు తయారవుతున్నాయి. సదాశివపేటలో ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ ఎప్పట్నుంచో ఉంది. తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020లో మొదలైంది.

మనం 'స్టెప్నీ' అంటామే, అది ఓ వీధి పేరు! బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్‌లో 1904లో ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. ఆ పేరు మన పంక్చర్ షాపుల్లో ఇప్పటికీ బతికే ఉంది. ట్యూబ్‌లెస్ టైర్లతోపాటు గాలి తగ్గితే హెచ్చరించే పరికరం, పంక్చర్ కిట్ ఉంటే కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. స్టెప్నీ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని డిక్కీలో మర్చిపోకూడదు. నాలుగు టైర్లలో గాలి చూపించి అయిదోదాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. అర్ధరాత్రి పిల్లలతో రోడ్డు మీద ఆగిపోయాక, స్టెప్నీలోనూ గాలి లేదని తెలిస్తే ఆ బాధ పగవాడికీ వద్దు.

కొనేటప్పుడు టైరు మీది అక్షరాలనూ ఓసారి చదవాలి. ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకుందాం. వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, ఆర్ అంటే రేడియల్, రింగు 15 అంగుళాలు. 88 అంటే ఆ ఒక్క టైరు 560 కిలోలు మోయగలదనీ, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందనీ అర్థం. ఊళ్లు తిరిగే కుటుంబాలకైతే చప్పుడు తక్కువగా, మెత్తగా నడుస్తూ ఎక్కువకాలం మన్నే టూరింగ్ రకం టైర్లు నప్పుతాయి. ఏ రకమైనా, కొట్టు దిగేముందు ఆ నాలుగంకెల తేదీ చూసుకోవాలి.

'గాలి చూశావా బాబూ?'

అంత పెద్ద కారు రోడ్డును తాకేది ఎంత మేర? ఒక్కో టైరు దగ్గర ఇంచుమించు మన అరచెయ్యంత. ఇంటిల్లిపాదినీ మోసేవి ఆ నాలుగు అరచేతులే.

విజయవాడ డ్రైవరు ఆ రాత్రి ప్రయాణికులను క్షేమంగా తిరుపతిలో దించాడు. ఇంటికొచ్చాక భార్య గాజులు తాకట్టు పెట్టి నాలుగు కొత్త టైర్లు వేయించాడు. ఫీజు ఎలాగూ ముందే కట్టాడు కాబట్టి కూతురు చదువు ఆగలేదు. జరిగింది విన్న ఆ అమ్మాయి మాత్రం రెండు రోజులు తండ్రితో మాట్లాడలేదు. మూడోరోజు 'నా ఫీజు కోసం నువ్వు లేకుండా పోతే, ఆ చదువు నాకెందుకు నాన్నా' అని ఏడ్చింది. తర్వాత గాలి కొలిచే చిన్న గేజి ఒకటి కొని తెచ్చి చేతిలో పెట్టింది. అప్పట్నుంచీ పొద్దున్నే కారు తుడిచాక అయిదు టైర్లకీ గేజి పెట్టాకే ఆయన కాఫీ తాగుతాడు.

గాజులు విడిపించడానికి పది నెలలు పట్టింది. ఆ పది నెలల్లో ఒక్కసారి కూడా ఆ టైర్లు ఖరీదనిపించలేదట ఆయనకు.

మామ్మగారి కుటుంబం ఇప్పటికీ ఆయన కారులోనే తిరుపతి వెళ్తుంది. కాకపోతే ఒక్క మార్పు. ఇదివరకు కారెక్కగానే మామ్మగారు కళ్లు మూసుకుని గోవింద నామాలు అందుకునేవారు. ఇప్పుడు ముందు ఓ ప్రశ్న.

'గాలి చూశావా బాబూ?'

ఆయన 'చూశానమ్మా' అన్నాకే గోవింద నామాలు.