పిత్తాశయంలో కిడ్నీ కణాలు

విజయవాడ సూర్యారావుపేటలో సందుకో ఆసుపత్రి. ఒక మేడమీది బయాప్సీ ల్యాబ్‌కి వెళ్తుంటే మెట్ల మీద ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఒకాయన ఎదురొచ్చారు. వాళ్లావిడకు తీసిన పిత్తాశయం అందులో ఫార్మలిన్‌లో ఉంది. ఆపరేషన్ థియేటర్ నుంచి అవయవాన్ని బంధువుల చేతికే ఇచ్చి పంపడం ఇక్కడ మామూలే.

"ఎక్కువగా రాళ్లే ఉంటాయండీ," అన్నారు పాథాలజిస్టు మేడమ్. డ్రాయర్‌లోంచి, విద్యార్థులకు చూపించే పాత స్లైడొకటి తీసి మైక్రోస్కోప్ కింద పెట్టారు. ఒక పక్క పిత్తాశయపు లోపలి పొర. దాని కింద సన్నటి రక్తనాళాలు వలలా అల్లుకున్నాయి. ఆ అల్లికల మధ్య లోపలంతా ఖాళీగా కనిపించే కణాలు. వాటిలోని కొవ్వు, గ్లైకోజెన్ స్లైడు తయారీలో కరిగిపోతాయట. అవి కిడ్నీ క్యాన్సర్ కణాలు.

కిడ్నీ క్యాన్సర్లలో దాదాపు మూడొంతులు ఈ రకమే. వీటిలో చాలావాటికి వీహెచ్ఎల్ అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. దాంతో ఆక్సిజన్ ఉన్నా అందడం లేదన్నట్టు కణం కొత్త రక్తనాళాలను పిలుస్తూనే ఉంటుంది. కణం ఆక్సిజన్‌ను ఎలా పసిగడుతుందో తేల్చిన ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. ఈ క్యాన్సర్ రక్తంలో పడి ఊపిరితిత్తులకు, ఎముకలకు, కాలేయానికి, మెదడుకు పోతుంది. అప్పుడప్పుడు థైరాయిడ్‌కి, క్లోమానికి. పిత్తాశయానికి చేరడం బహు అరుదు. కిడ్నీ తీసేసిన పదేళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు. స్కాన్‌లో అది మామూలు పాలిప్‌లాగే కనిపించవచ్చు.

ఎక్కడ పుట్టిందో తేల్చడం ఎందుకంత ముఖ్యమంటే, మందు మారిపోతుంది. పిత్తాశయంలోనే పుట్టిన క్యాన్సర్‌కి కీమో ఇస్తారు. కీమో మందులకు ఈ కిడ్నీ క్యాన్సర్ పెద్దగా లొంగదు. రక్తనాళాలను అడ్డుకునే మందులు, ఇమ్యునోథెరపీ కావాలి. వ్యాధి ఆ ఒక్క చోటే ఉంటే ఆపరేషన్‌తో చాలా ఏళ్లు బతికినవారున్నారు.

బల్ల మీద డబ్బాలతో వచ్చిన చీటీలున్నాయి. పేరు, వయసు, అవయవం రాశారు. పాత జబ్బుల గడి చాలావాటిలో ఖాళీ. నాకు మనసు చివుక్కుమంది. "కిడ్నీ తీసేశారు" అని రెండు మాటలుంటే మేడమ్ పాక్స్8 అనే రంగు పరీక్ష వెంటనే చేయిస్తారు. కిడ్నీ కణమైతే అది సాధారణంగా పట్టిస్తుంది.

పక్క గదిలో అరల నిండా అవయవాల ముక్కలు పొదిగిన మైనపు బ్లాకులు. పాత కిడ్నీ బ్లాక్ ఏ ల్యాబ్‌లో ఉన్నా తెప్పించి మళ్లీ కోసి, కొత్తదాని పక్కన పెట్టి పోల్చవచ్చు. దానికి పాత రిపోర్టు మీది బయాప్సీ నంబరు కావాలి. డిశ్చార్జి కాగితంతో పాటు ఆ రిపోర్టునూ దాచుకోమని మేడమ్ కౌంటర్ దగ్గర ప్రతి ఒక్కరికీ చెబుతున్నారు.