బేత్లెహేము బావి నీళ్లు



మన సంఘ సహోదరుడొకరు పోయిన ఏడాది కువైట్ వెళ్లాడు. అప్పులు, ఇద్దరు పిల్లల చదువులు, వెళ్లక తప్పలేదు. రెండు నెలలకు మాకు వాయిస్ మెసేజ్ పంపాడు. పని సంగతి, జీతం సంగతి చెప్పి చివర్లో, "అంతా మంచిగనే ఉన్నది అయ్యగారూ. గని పచ్చిపులుసు పోసుకొని ఇంత అన్నం తినాలనిపిస్తున్నది. కుండల నీళ్లు తాగి, వాకిట్ల మంచమేసుకొని పండాలనిపిస్తున్నది. ఇక్కడ రాత్రంతా ఏసీనే, నిద్ర పడ్తలేదు" అన్నాడు.

మేమేం జవాబిచ్చాం? సంఖ్యాకాండము 11వ అధ్యాయం చదవమన్నాం. ఐగుప్తు చేపలను, దోసకాయలను, ఉల్లిగడ్డలను తలుచుకొని ఏడ్చినవాళ్ల మీద దేవునికి కోపం వచ్చిందని గుర్తుచేశాం. ఉన్నదానికి స్తోత్రం చెప్పమన్నాం.

ఆ తర్వాత నెలన్నర అతని నుంచి మాట లేదు. శుక్రవారం శుక్రవారం పంపే ప్రార్థన మనవి కూడా ఆగిపోయింది. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ, "మంచిగనే ఉన్నడయ్యగారూ. మీతోని చెప్తే సణుగుడు అనుకుంటరని..." అంటూ ఆగిపోయింది. ఆ రాత్రి మాకూ నిద్రపట్టలేదు.

ఆ వారమే రెండవ సమూయేలు 23వ అధ్యాయం చదువుతున్నాం. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. కోతకాలం. సొంత ఊరు బేత్లెహేములో ఫిలిష్తీయుల దండు దిగి ఉంది. అప్పుడు ఆ ఊరి గవిని దగ్గరున్న బావి నీళ్లు తాగాలని ఆశపడ్డాడు. గుహలో నీళ్లు లేవని అక్కడ రాసిలేదు. అతనికి కావలసింది ఆ బావి, ఆ ఊరు, చిన్నప్పటి ఆ రుచి. ఆ మాటన్నందుకు దేవుడు అతన్ని గద్దించలేదు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులు దేవుడిచ్చిన మన్నాను చీదరించుకొని, బానిసలుగా బతికిన చోటును కోరుకున్నారు. దావీదు దేవుణ్ణి నిందించలేదు, తన పని విడిచిపెట్టలేదు. మనసులో ఉన్నది పైకి చెప్పాడంతే. ఈ రెండూ ఒకటే అనుకోవడం మా తప్పు. దావీదు మాట విన్న ముగ్గురు బలాఢ్యులు అతనికి ప్రసంగం చేయలేదు. శత్రువుల మధ్య నుంచి చొచ్చుకుపోయి నీళ్లు చేది తెచ్చారు.

కువైట్‌లో నదులు లేవు. ఇప్పుడు అక్కడ తాగేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. చమురు రాబడి రాకముందు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు. దూరపు నీళ్ల విలువ ఆ దేశానికీ తెలుసు. మాకే తెలియలేదు.

ఆ సాయంత్రం, అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి, అతను పని నుంచి వచ్చేదాకా ఆగి ఫోన్ చేశాం. తప్పు ఒప్పుకున్నాం. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కోనారెడ్డి చెరువు నిండిందా అయ్యగారూ? ఆకేరు వాగు పారుతున్నదా?" అన్నాడు. గంటసేపు ఊరి ముచ్చట్లే.

మన సంఘ స్త్రీలు మామిడికాయ తొక్కు, సకినాలు, పచ్చిపులుసుకు చింతపండు, ఎండుమిర్చి, దంచిన నువ్వులు కట్టి ఇచ్చారు. పక్క ఊరి నుంచి కువైట్ తిరిగి వెళ్తున్న ఒకాయన తన బ్యాగులో చోటిచ్చాడు. మనవాడు ఆ పచ్చిపులుసు చేసి, గదిలో ఉన్న ఎనిమిది మందికీ పోశాడట. అందులో ఇద్దరు నేపాల్ వాళ్లు. తనకు గిన్నె అడుగున మిగిలిందే. దావీదు కూడా ఆ నీళ్లు తాగలేదు కదా, యెహోవా సన్నిధిని పారబోశాడు. శుక్రవారం ప్రార్థన మనవి మళ్లీ వస్తున్నది.

ప్రియులారా, మీ ఇంటి నుంచి గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఎవరైనా ఉంటే ఈ వారం ఫోన్‌లో డబ్బు సంగతి తర్వాత అడగండి. ఏం గుర్తొస్తున్నదో ముందు అడగండి. వాళ్లు చెప్పేటప్పుడు మధ్యలో బోధ చేయకండి. పరలోక మహిమను విడిచి పరాయివాడిగా మన మధ్యకు వచ్చిన ప్రభువు కూడా సమరయలో బావి దగ్గర అలసి కూర్చొని, తాగడానికి నీళ్లు అడిగాడు. అడగడం ఆయనకు సిగ్గు కాలేదు.

ప్రభువా, దూరాన ఉన్న మా వాళ్లకు నీవే తోడుండు. వాళ్ల మాట వినే చెవులు మాకివ్వు. ఆమేన్.