యముడంటే వాళ్ళకు నవ్వు

జనవరి వచ్చిందంటే రోడ్డు భద్రత పేరుతో చాలా ఊళ్ళలో యముడి వేషగాణ్ణి కూడలిలో నిలబెడతారు, మీరూ చూసే ఉంటారు. హెల్మెట్ లేని కుర్రాణ్ణి ఆపి పాశం చూపిస్తాడు. మనకు గుండె దడ. కుర్రాళ్ళకు నవ్వు. నవ్వరూ మరి! 1977లో వచ్చిన 'యమగోల' నుంచి 'యమలీల' దాకా సత్యనారాయణగారి యముణ్ణి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వినవాళ్ళం మనమే కదా.

మాది తెనాలి. మా చెల్లెలిది రేపల్లె. వాళ్ళ పెద్దాడు బాపట్లలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడితో చదివే పిల్లాడొకడు నిరుడు బండి మీద పోయాడు. దినానికి వెళ్ళొచ్చిన వారానికే మావాడు మళ్ళీ సూర్యలంక బీచికి అదే జోరు! "భయం లేదట్రా?" అంటే, "వాడికి తోలడం సరిగా రాదు పెద్దమ్మా" అన్నాడు. విన్నారా! చచ్చేది ఎప్పుడూ తోలడం రానివాడే, తను కాదు.

మావాడొక్కడే కాదండీ. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇజ్రాయెల్ కుర్ర సైనికులకు చావును గుర్తుచేసి, బండి తోలినట్టే ఉండే యంత్రం ముందు కూర్చోబెట్టారు. డ్రైవింగే తమ గొప్ప అనుకునేవాళ్ళు జోరు తగ్గించలేదు సరికదా, పెంచారు!

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌వాళ్ళు 2007లో భయపెట్టడం పక్కనపెట్టి వేరే దారి పట్టారు. ప్రకటనలో జోరుగా పోయే కుర్రాణ్ణి చూసి ఆడవాళ్ళు చిటికెనవేలు ఆడిస్తారు. అర్థం ఇక్కడ రాయను, మీరే ఊహించుకోండి. మగపిల్లలకు చావుకన్నా చులకనైపోవడమే పెద్ద భయమని వాళ్ళు కనిపెట్టినట్టే ఉంది.

నేను పెద్దాడితో చావు మాట మానేసి లెక్క అడిగాను. గంటకు 60 కిలోమీటర్ల జోరంటే సెకనుకు ఎంత? దాదాపు 17 మీటర్లని వాడే చెప్పాడు. జోరు రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలని కూడా వాడే ఒప్పుకున్నాడు. మరి కాలవ గట్టు దారిలో ధాన్యం ఆరబోసి ఉంటేనో? మాట్లాడలేదు.

చిన్నాడికి పదహారు. వాడికి 2019 చట్ట సవరణ చెప్పాను. పద్దెనిమిది నిండనివాడు బండి తోలి నేరం చేస్తే పెద్దవాళ్ళకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు. వాటికి చలించలేదు వెధవ! ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు అనగానే మాత్రం ముఖం మాడిపోయింది. "25 దాకానా పెద్దమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

అయినా మా చెల్లెలు తాళంచెవి పోపుల డబ్బాలోనే దాస్తోంది. ఈ పేజీ వాడు చదవడు లెండి.