ఖర్చులేని ప్రయోగశాల

మా పెద్దమ్మాయి ఎలక్ట్రానిక్సు రెండవ సంవత్సరము చదువుచున్నది. కళాశాలలో ప్రయోగశాలను సాయంకాలము అయిదింటికే మూసివేయుదురు. ఉన్నంతసేపును ఆసిలోస్కోపు ముందు మగపిల్లలే నిలుచుండగా, మా పిల్లకు వెనుకనుండి తొంగిచూచుటయే మిగులును. ఇంటికొకటి కొందమని వెల విచారించి మేము గతుక్కుమంటిమి. ఆ రాత్రి అది మా చేతిగాజులవంక చూచి, ఏమియు ననక పోయి పరుండినది.

పిమ్మట నొక స్నేహితురాలివలన ‘ఈసిమ్’ సంగతి తెలిసినది. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ బృందమువారు దీనిని ఉచితముగా నిచ్చుచున్నారు. దాని యన్న వాడి విడిచిన కంప్యూటరులోనే పెట్టుకొన్నది. ఇందు కైక్యాడ్ సర్క్యూటును గీయుటకు. ఎన్‌జీస్పైస్ వోల్టేజీలను లెక్కించుటకు. ఈ రెండవదానికి మూలమైన స్పైస్‌ను అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున నాగెల్, పెడర్సన్ అనువారు 1973లో వెలువరించిరి. గుట్టుగా దాచుకొనక పదిమందికి పంచిరి. సోదరీమణులారా, ఆవకాయ పాళ్ళు చెప్పుటకే మనము వెనుదీయుదుమే!

మొదటిసారి తెరపై అలకు బదులు తప్పు చూపినది. పిల్ల కంట నీరు పెట్టుకొని, అర్ధరాత్రివరకు వెదకి, “అమ్మా, గ్రౌండు కలుపుట మరచితిని!” అని కేక వేసినది. కలుపగానే అల తీరుగా వచ్చినది. ఎన్నిమారులు తప్పినను ఏదియు కాలిపోదు. అయితే వదులైన తీగను, వేడెక్కిన ట్రాన్సిస్టరును చేతితో కనిపెట్టు నేర్పు దీనివలన రాదని మా యభిప్రాయము. గాజుల ప్రస్తావన మరల రాలేదు. మొన్న పాల లెక్కలో మిగిలిన డబ్బుతో దానికొక బ్రెడ్‌బోర్డు కొని యిచ్చితిమి.