చలిరాత్రుల ఊయల పడక

మార్గశిరము మొదలు మాఘము నడిమి వరకు మన ఔరాదు రాత్రులు ఎట్లుండునో ఈ పత్రిక చదువువారికి వేరుగ చెప్పనక్కరలేదు. కర్ణాటక రాష్ట్రమునకు ఉత్తరపు కొస మన తాలూకా. తూర్పున తెలంగాణము, పడమట మహారాష్ట్రము. సముద్రము దూరము, నేల యెత్తు, ఆకాశము నిర్మలము. పగలు ఎండలో చొక్కా తడియును. తెల్లవారుజామున పండ్లు కటకటలాడును. సరిగా ఆ దినములలోనే తెల్లజొన్న కంకి వేయును, శనగ కాయ పట్టును. అడవిపందులును జింకలును పైరుపై పడుటయు ఆ దినములలోనే. కనుక ఇంటికొకరు పొలమున పండుకొనవలసినదే.

మా యింట ఆ యొకరు మా తాత. నాయన పనికై హైదరాబాదు పోయి ఉగాదికి గాని రాడు. తాతకు డెబ్బది యేండ్లు దాటినవి. చలికాలము వచ్చెనా, రొమ్ములో పిల్లికూతలు మొదలగును. ఆయన పొలమున పండుకొనలేకపోయినచో మేము ముగ్గురు అన్నదమ్ములలో ఒకరము పండుకొనవలెను. రాత్రియంతయు పందుల నదలించినవాడు ఉదయము బడిలో కూర్చుండి లెక్కలు చేయలేడు. కాబట్టి తాతకు వెచ్చని పడక అమర్చుట మాకు దయాధర్మము కాదు, మా చదువునకు సంబంధించిన పని.

పూర్వము పొలమున మంచె యుండెడిది. నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరచి, దానిపై చొప్ప వేసెడివారు. ఇప్పుడు ఆ గుంజలకే ధర యెక్కువ. పాతినవానిని చెదలు తినును. నేలమీద పడక మన నల్లరేగడిలో క్షేమము కాదు. ఆ నెఱ్ఱెలలో తేళ్లుండును, పాములుండును, పైగా తేమ. మంచము మోసికొనిపోవుటకు తాతకు ఓపిక లేదు. అందువలన గట్టున నున్న రెండు వేపచెట్ల నడుమ పాత జంబుఖానాను త్రాళ్లతో వ్రేలాడగట్టి దానిలో పండుకొనుట ఆరంభించెను. చూచినవారు నవ్విరి. ముసలివానికి మరల తొట్టెల కట్టిరని వేడుక చేసిరి.

ఆ నవ్వినవారికి తెలియని సంగతి యొకటి కలదు. ప్రపంచములో అనేక జాతులవారి పడక ఇదియే. 1492లో కొలంబసు బహామా దీవులలో దిగినప్పుడు అచ్చటి జనులు నూలువలలను గుంజలకు కట్టుకొని వానిలో నిద్రించుట చూచెను. వారి మాటనుండియే ఇంగ్లీషువారి ‘హామక్’ అను పేరు పుట్టినది. తరువాత ఓడలలోని నావికులందరకు అదియే పడక యైనది. అయితే ఆ దీవులు ఉష్ణదేశములు. అచ్చట క్రిందినుండి గాలి తగులుట సుఖము. మన పుష్యమాసములో అదియే కష్టము.

తాత మొదటి రెండు రాత్రులలోనే ఆ కష్టమును కనిపెట్టెను. పైన రెండు దుప్పట్లు కప్పుకొన్నను వీపు మంచుగడ్డవలె నుండెనట. మేము మూడవ దుప్పటి ఇచ్చుటకు సిద్ధపడగా ఆయన చేయి అడ్డముపెట్టి, “సలి మీదికెళ్లి వస్తలేదురా, కిందికెళ్లి వస్తున్నది” అనెను.

ఈ మాట వినుటకు సామాన్యముగ నున్నను దానిలో శాస్త్రమున్నది. దుప్పటి తనంతట తాను వేడి పుట్టించునది కాదు. దాని పోగుల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలియే మన దేహపు వేడిని బయటికి పోనీయక కాపాడును. మనము బొంతపై పండుకొన్నప్పుడు దేహభారముచే ఆ బొంత అణగిపోవును. అందులోని గాలి వెడలిపోవును. నేలమీద నైనచో అడుగున గాలి వీచదు. ఊయలలో నట్లు కాదు. అణగిన బట్ట యొక వైపు, పొలమునంతటను తిరిగి వచ్చిన చలిగాలి మరియొక వైపు. రెంటికి నడుమ వీపు. పైన నాలుగు కప్పినను ఆ చలి తీరదు. నులకమంచముపై పండుకొనువారికిని కొంతవరకు ఇదే బాధ. అందుకే మన పెద్దలు చలికాలమున కప్పుకొనుటకన్న ముందు మంచముపై గొంగడి పరచెడివారు.

ఊయలకు పరచినంతమాత్రమున చాలదు. పరచినది అణగిపోవును గదా! కావున మేము రెండవ గొంగడిని ఊయలలోపల గాక ఊయల క్రింద కట్టితిమి. దాని నాలుగు మూలలకు చిన్నత్రాళ్లు వేసి, ఊయల త్రాళ్లకే బిగించి, దొన్నెవలె వ్రేలాడదీసితిమి. ఇందులో కొలత ముఖ్యము. అది తాత వీపు భారమును మోయరాదు. అట్లని జానెడు దూరమున నుండరాదు. తగిలీ తగులకుండ నుండవలెను. ఎక్కువ వదులైనచో నడుమ గాలి దూరును, ఎక్కువ బిగువైనచో అణగిపోవును. ఈ కొలత కుదురుటకు మూడు సాయంకాలములు పట్టినది. మాలో చిన్నవాడు ఊయలలో పండుకొనుట, పెద్దవాడు క్రింద చేయిపెట్టి చూచుట, నడిమివాడు ముడులు విప్పి కట్టుట. నాలుగవనాటి ఉదయము తాత వీపు మాటయే ఎత్తలేదు. ఆయన మెచ్చుకొనుట అంతే.

గొంగడి రెండవది లేనివారు గోనెసంచిలో ఎండు జొన్నచొప్పనో, ఆకులనో వదులుగా నింపి ఊయలక్రింద కట్టవచ్చును. చొప్ప గరగరలాడును, ఎలుకలకు ప్రీతి. కాని వెచ్చదనమునకు లోటు లేదు.

ఊయలను వింటినారివలె బిగించి కట్టువారు కలరు. అట్లు కట్టిన పడక భుజములను నొక్కును, ప్రక్కకు తిరిగినంతనే దొర్లించును. కొంత జారవిడిచి, దానిలో నిటారుగ గాక ఏటవాలుగ పండుకొన్నచో వీపు చదునుగ నిలుచును. నడుమ కూర్చున్నప్పుడు పాదములు నేలనానునంత ఎత్తు చాలును.

ఇక తడి సంగతి. చలికంటెను ఇదియే మమ్ము ఎక్కువ ఆలోచింపజేసినది.

మన భాషలో ‘మంచు కురిసినది’ అందుము. వానవలె అది పైనుండి పడునని మన నమ్మకము. ఆ నమ్మకము మనకే గాదు, ఐరోపావారికిని చిరకాలముండెను. విలియం చార్లెస్ వెల్స్ అను లండను వైద్యుడు దానిని పరీక్షింపబూనెను. గొఱ్ఱె ఉన్నినే వాడెను! సమానమైన తూకముగల ఉన్నిపింజలను రాత్రివేళ తోటలో అక్కడక్కడ ఉంచి, పిదప తూచి, ఏది ఎంత తడిని పట్టినదో లెక్కించెను. ఒక పింజను బయలులో పచ్చికపై నుంచెను. మరియొక దానిచుట్టు మూతలేని మట్టి గొట్టమును నిలిపెను. మంచు వానవలె పడునదైనచో రెండును సమానముగ తడియవలెను. కాని గొట్టములోనిది చాల తక్కువ తడిసెను. ఏలనగా దానికి ఆకాశము చాలభాగము మరుగైనది. నిర్మలాకాశము క్రింద నున్న వస్తువు తన వేడిని పైకి వెదజల్లి చుట్టునున్న గాలికంటెను చల్లబడును. అప్పుడు గాలిలోని ఆవిరి దానిపై నీరై చేరును. వెల్స్ ఈ విషయమును 1814లో గ్రంథముగ ప్రకటించెను.

మన రైతులకు ఈ తడిని పట్టుట క్రొత్త కాదు. శనగచేనిపై రాత్రి పలుచని బట్ట పరచి, తెల్లవారి పిండి, ఆ పుల్లని నీటిని అజీర్ణమునకు మందుగ దాచుకొనెడివారు. బట్టపై అంత నీరు చేరునని వారెరుగుదురు. అదే బట్ట తాతపై కప్పిన దుప్పటియైనచో?

అందువలన మేము చేసిన పనులు సులువైనవి. ఊయలను బయటనుండి మార్చి వేపకొమ్మల గుబురు క్రిందికి తెచ్చితిమి. ఆకులే ఆకాశమును మరుగుచేయును. వాగు ప్రక్కనున్న పల్లమును విడిచి, గట్టు నడిమి ఎత్తును ఎంచుకొంటిమి. చల్లని గాలి బరువైనది. నీటివలె పల్లమునకు జారి అచ్చటనే నిలుచును. వాగు తేమయు దానికి తోడగును. చెట్టునుండి త్రాటివెంబడి జారివచ్చు నీరు పడకను తడుపకుండ, త్రాటికి ఊయల కొసకు ముందే ఒక గుడ్డపీలిక కట్టితిమి; నీరు ఆ పీలిక వెంట క్రిందికి కారిపోవును.

ఇట్లు చేసినను తడి పోలేదు. పైన తాడపత్రి (టార్పాలినును మన ప్రాంతమున అట్లందుము) కప్పిన రాత్రి దుప్పటి మరింత తడిసినది. తాడపత్రి వెలుపలి వైపు మంచు, అది సహజమే. లోపలి వైపును నీటిబొట్లే! చిల్లి యెచ్చటను లేదు. ఆ నీరు ఎక్కడిది?

అది తాత ఊపిరి. మనిషి ఊపిరినుండియు చర్మమునుండియు ఒక రాత్రిలో ఇంచుమించు పావులీటరు నీరు ఆవిరియై వెడలును. అన్నము కుండపై పెట్టిన మూతకు లోపల చెమ్మ పట్టినట్లు, గాలి చొరని చల్లని తాడపత్రికి తగిలి ఆ యావిరి నీరగును. తిరిగి పండుకొన్నవానిమీదనే పడును. తడిసిన బట్టలో గాలికి బదులు నీరుండును గనుక చలి రెట్టింపగును. తలదాక ముసుగు తన్నుటవలనను ఇదే జరుగును. ముసుగులో మొదట వెచ్చగ నుండును. నడిరేయి దాటుసరికి మూతికడ దుప్పటి తడిసి చల్లబడును. తాతకు దగ్గు ఎక్కువగునది ఆ వేళనే.

ముసుగు మాన్పించుట మాకు సాధ్యముకాని పనులలో ఒకటిగ దోచినది. అరువదేండ్ల అలవాటు! తుదకు అవ్వ ఉపాయము చెప్పెను. తల, చెవులు కప్పునట్లు రుమాలు చుట్టి, ముక్కు నోరు బయట విడిచి, గొంగడిని గడ్డము వరకే లాగవలెను. తలకు వెచ్చదనము దొరికినచో ముసుగుపై మనసు పోదు. తాడపత్రిని మీదికి దించక, ఊయలకు పైన మూరెడెత్తున వేరు త్రాటిపై ఇంటికప్పువలె వాల్చి, రెండు కొసలును తెరచి యుంచితిమి. గాలి వచ్చు వైపు అంచు మాత్రము కొంచెము క్రిందికి. ఊపిరి పోవుటకు దారి దొరికినది. దుప్పటి పొడిగ నిలిచినది.

దీనిలో గొంగడి గొప్పతనమును విడిచిపెట్టలేము. దక్కను గొఱ్ఱెల నల్ల ఉన్నిని వడికి, గుంటమగ్గముపై నేసి, చింతగింజల గంజి పట్టించిన గొంగడి ముట్టుకొన్నచో గరుకు, చర్మమునకు గుచ్చుకొనును. నేటి బజారు కంబళ్ల మెత్తదనము దానికి లేదు. కాని ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను తనలోనికి తీసికొనియు తడిసినట్లు తోపనీయదు. తేమను పీల్చుకొనునప్పుడు స్వల్పముగ వేడినిగూడ విడుచును. మెత్తని బజారు కంబళికి ఆ గుణము లేదు. నీరు దాని పోగులపైననే నిలుచును. దీనిని మనము గొంగడి యందుము, కన్నడమువారు కంబళి యందురు, మరాఠీవారు ఘోంగడి యందురు. మా బడిత్రోవలో ఈ మూడు మాటలును ఒక్క గంటలో వినవచ్చును. మా తాత గొంగళ్లు రెండును నారాయణఖేడు సంతలో కొన్నవి. 1956 నవంబరు 1కి పూర్వము నారాయణఖేడును మన బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రముల పునర్విభజనలో అది అటు, మనము ఇటు అయితిమి. సంతకు మాత్రము ఎల్ల లేదు. ఇప్పుడు మాంసమునకై ఉన్ని లేని గొఱ్ఱెలను పెంచువారే హెచ్చు. మగ్గము వేయు కురుమవారు తక్కువ. క్రొత్త గొంగడి కొనవలెనన్నచో వెదకవలసియున్నది. ఇంటిలో పాతది మూలబడియున్నవారు దానిని గోనెకు బదులుగ గుమ్మమున పరచుట చూచి మాకు మనసు చివుక్కుమనును.

ఉదయము లేచినవెంటనే గొంగడిని మడచి పెట్టరాదు. రాత్రి పీల్చిన తేమ లోపలనే యుండును. దులిపి, ఎండలో కొమ్మపై వేసి, జాములు గడిచిన పిదప తీయవలెను. పగలు తొడిగి చెమటపట్టిన చొక్కాతోనే పండుకొనుటయు తగదు, అది తడిబట్టయే. పండుకొనుటకు ముందు వేడి జొన్నరొట్టె తిని, నాలుగడుగులు నడచి, చలిమంటకడ దేహము కాచుకొని ఎక్కవలెను. ఇటుకను వేడిచేసి గుడ్డలో చుట్టి కాళ్లకడ పెట్టుకొనుట తాతకు ఇష్టము.

కుంపటిని మాత్రము తాడపత్రిలోపలికిగాని, తలుపు మూసిన గుడిసెలోనికిగాని తేరాదు. బొగ్గు మంట లేకుండ రగులునప్పుడు వెడలు కార్బను మోనాక్సైడు అను వాయువునకు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో నున్నవాడు నిద్రలోనే పోవును. ఈ విషయము తల్లిదండ్రులు ఇంటిలో నలుగురికి చెప్పవలెనని మా ప్రార్థన.

మరియొకటి వారికే చెప్పవలసియున్నది. చెరకు నరకు కాలమున కూలికి వచ్చినవారు పసిబిడ్డలను చీర ఊయలలో చెట్టుకొమ్మకు కట్టి పనికి పోవుట మనము చూచుచున్నాము. తెల్లవారుజామున ఆ పలుచని చీరక్రింద చలిగాలి ఎట్లు తిరుగునో తాత వీపు మాకు తెలిపినది. బిడ్డపై ఎన్ని గుడ్డలు కప్పినను అడుగు వట్టి చీరయే. మొన్న మా పొలము ప్రక్కన కట్టిన అట్టి ఊయలకు అవ్వ ఒక పాత గొంగడి ముక్కను వెలుపలి వైపున చుట్టి నాలుగు కుట్లు వేసినది. ఆ తల్లి మరాఠీలో ఏదో అన్నది. అవ్వ తెలుగులో ఏదో బదులు చెప్పినది. బిడ్డ మాత్రము పొద్దెక్కువరకు లేవలేదు.

తాత దగ్గు పూర్తిగ పోయినదని చెప్పము. ఆ వయసున పోదు. కాని ఈ చలికాలమున ఒక్క రాత్రియైనను మాలో ఎవ్వరును ఆయనకు బదులు పండుకొనవలసిరాలేదు. జొన్న కోతకు వచ్చినది. కోత మొదలైన దినమున ఊయల త్రాళ్లను విప్పి మోపులకు కట్టితిమి. గొంగళ్లు రెండును ఇంకను వేపకొమ్మపై ఎండుచున్నవి.